చప్పుడుకు వచ్చిన అవార్డు

అవార్డుల జాబితా వచ్చిన రోజు మా గని క్యాంటీన్‌లో టీలు గ్లాసుల్లోనే చల్లారిపోయాయి. మొదటి షిఫ్టు వాళ్లు పైకి వచ్చి, స్నానాలు చేసి, ఇళ్లకు పోయే ముందు ఓ పది నిమిషాలు అక్కడ కూర్చునే వేళ అది. నేను ఆ పక్కనే ల్యాంపు రూములో పనిచేస్తాను. లోపలికి దిగేవాళ్ల తలదీపాలు ఛార్జింగులో పెట్టడం, షిఫ్టు మొదట్లో ఇవ్వడం, పైకి రాగానే తిరిగి తీసుకోవడం నా పని. మా నాన్న నడుము దెబ్బతిని అన్‌ఫిట్ అయినప్పుడు ఆ ఉద్యోగం నాకు వచ్చింది. ఆరేళ్లవుతోంది.

క్యాంటీన్‌లో సినిమా మాట రాని రోజు ఉండదు. కానీ అవార్డుల కాలం వచ్చిందంటే ఆ ఊపే వేరు. పోటీలో ఏ సినిమాలు ఉన్నాయో తెలిసిన దగ్గర్నుంచి ఎవరికి ఏది వచ్చిందో తేలేదాకా ఒకరి మాట ఒకరికి పడదు. యూనియన్ ఎన్నికలప్పుడు కూడా అంత వాదన జరగదు.

ఆ రోజు వాదన ఎత్తుకున్నది వర్క్‌షాపు మెకానిక్. యాభై దాటిన మనిషి, మేమంతా భాయ్ అని పిలుస్తాం. పడుచుతనంలో ఒక పెద్ద హీరో అభిమాన సంఘానికి గోదావరిఖనిలో అధ్యక్షుడిగా చేశాడు. కొత్త సినిమా వస్తే కటౌటు భుజం మీద నిలబడి తనే పూలదండ వేసేవాడట. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు గానీ అభిమానం మాత్రం పిసరంతైనా తగ్గలేదు. ఆ ఏడు ఆయన హీరో సినిమా దాదాపు అన్ని అవార్డులకూ పోటీలో ఉంది. ఓడరేవులో జరిగే కథ కాబట్టి మేం దాన్ని రేవు సినిమా అనేవాళ్లం. చివరికి దానికి దక్కింది ఫైట్లకు ఇచ్చే అవార్డు ఒక్కటే. శబ్దానికి ఇచ్చే అవార్డు ఒక చిన్న సినిమాకు పోయింది. ఊరూరా తిరిగి బావులు తవ్వే ఒక మొగుడూ పెళ్లాల కథ అది.

భాయ్ ఫోను తెచ్చి నా టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"గిదేం ఇన్సాఫ్ చెల్లె? ఉత్తమ నటుడు ఇయ్యలే, సరే. కడుపు మండింది గని ఊకున్న. సౌండు సుత ఇయ్యరా? మా సినిమాల షిప్పు పేలినప్పుడు థియేటర్ల కుర్సీలు కదిలినయ్. గా బాయి సినిమాల ఏమున్నది సౌండు? మనుషులే సరిగ మాట్లాడరట."

మా దగ్గర బావిని బాయి అంటాం. బొగ్గు గనినీ బాయి అనే అంటాం. అందుకేనేమో, చూడకముందే ఆ సినిమా మీద నాకు కొంచెం మమకారం ఉండేది.

క్యాంటీన్ నడిపే అక్క వడల గిన్నె దించుతూ తన తీర్పు చెప్పింది. "నన్నడిగితే ఏడిపిచ్చిన సినిమాకే అన్ని అవార్డులు ఇయ్యాలె. నేను ఏడ్వలేదంటే అది సినిమానే కాదు. మీ రేవు సినిమాకు నేను ఒక్క చుక్క సుత పెట్టలే భాయ్."

"అక్కా, నువ్వు ఉల్లిగడ్డ కోసినా ఏడుస్తవ్," అన్నాడు భాయ్. అందరూ నవ్వారు.

అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. "నేను చూసిన భాయ్ బాయి సినిమా. మంచిగున్నది. దానికి ఇచ్చుడే న్యాయం."

నేను చూడలేదు. మా పట్టణంలో అది మూడు రోజులు మాత్రమే, అదీ పొద్దుటి ఆటే ఆడింది. మాలో ఎవ్వరూ చూడలేదు. మరి ఎందుకలా అన్నానంటే, ఆ బెంచీ మీద కూర్చునే ఆడదాన్ని నేనొక్కదాన్నే. "అనుకుంటున్నా" అని మొదలుపెడితే నా మాటను రెండో ముక్క దాకా ఎవరూ రానిచ్చేవారు కాదు. "చూసిన" అంటే ఆగి వింటారు. ఆ రోజు కూడా ఆగారు.

"చూసినవా? అయితే ఆఖరుకు ఏమైతది?" అన్నాడు భాయ్.

పేపర్లో వచ్చిన ఫొటో గుర్తుకు వచ్చింది. ఒక ఆడమనిషి తాడు పట్టుకుని నిలబడి ఉంటుంది. "మొగడు బాయిల ఇరుక్కుంటడు. పెండ్లాం పైనుంచి తాడు గుంజి బయటికి తీస్తది," అన్నాను ధీమాగా.

భాయ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "సరే. ఈ ఆదివారం మా ఇంట్ల. రెండు సినిమాలు ఏస్త. అందరు రండి. బాయి సినిమాల సౌండు నిజంగనే అంత గొప్పగుంటే, చెల్లె, నేను నోరు మూసుకుంట."

ఇంటికి వెళ్లే దారంతా నా మీద నాకే కోపం. ఫోనులో ఆ సినిమా దొరుకుతుంది, ముందే చూసేసి బయటపడొచ్చు. రెండుసార్లు తెరిచి కూడా మూసేశాను. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి సినిమా చూడడమంటే, చిన్నప్పుడు మా నాన్న పక్కన కూర్చుని చూసిన సినిమాలన్నిటికీ ద్రోహం చేస్తున్నట్టు అనిపించింది.

నాన్నను మేం బాపు అంటాం. నాకు సినిమా పిచ్చి అంటించింది ఆయనే. మొదటి షిఫ్టు దిగి వచ్చి, ఒళ్లు రుద్దుకుని, తెల్లచొక్కా వేసుకుని నన్ను మ్యాట్నీకి తీసుకుపోయేవాడు. ఎంత రుద్దినా కనురెప్పల అంచున బొగ్గు నల్లగా మిగిలిపోయేది. కాటుక పెట్టుకున్నట్టు ఉండేది. థియేటర్లో అందరూ హీరోను చూస్తుంటే ఆయన వెనకాల ఏం జరుగుతుందో చూసేవాడు. "గా పొయ్యి మీద కుండ పెట్టింది గని కట్టెలు లేవు చూడు బిడ్డ," అనేవాడు. ఇంటికొచ్చాక కథ అంతా అవ్వకు చెప్పేవాడు. అవ్వ అంటే మా అమ్మ. ఆయన చెప్పే కథ సినిమా కంటే పొడుగ్గా ఉండేదని ఆమె ఇప్పటికీ అంటుంది.

పడుచుతనంలో బాపు లోపల డ్రిల్లింగు మిషను పట్టుకున్నాడు. చాలా ఏళ్లు ఆ మోతలోనే గడిచాయి. తర్వాత పరీక్ష పాసై సర్దార్ అయ్యాడు. అందరికంటే ముందు లోపలికి వెళ్లి, పైకప్పు భద్రంగా ఉందో లేదో చూసి, ఆ తర్వాతే మనుషుల్ని పనిలోకి రానిచ్చే ఉద్యోగం అది. కర్రతో కప్పును తడతారు. రాయి గట్టిగా ఉంటే గంటలా ఖంగుమంటుంది. లోపల విడిపోయి ఉంటే డప్పులా బోలుగా పలుకుతుంది. ఆ తేడా పట్టుకోవడంలో మా బాపుకు పేరుండేది. ఆయన షిఫ్టులో ఒక్కరికీ తలమీద దెబ్బ పడలేదని నాతో ఇప్పటికీ చెప్పేవాళ్లు ఉన్నారు.

అలాంటి మనిషి సినిమాలు మానేసి నాలుగేళ్లయింది. టీవీ సౌండు పెంచీ పెంచీ, ఇక పెంచడానికి లేకపోతే కట్టేసేవాడు. చెవులు చూపించుకుందామంటే ఒప్పుకునేవాడు కాదు. "నాకు మంచిగనే ఇనవడతది. ఇప్పటి సినిమావోళ్లే నోట్ల నోట్ల మాట్లాడతరు," అనేవాడు. అవ్వ వంటింట్లోంచి ఏదో అనేది. అది ఆయనకు వినపడేది కాదు. అలా ఆ పోట్లాట ఒకవైపు నుంచే సాగి ఆగిపోయేది.

ఆదివారం నాతో రమ్మన్నాను. రానన్నాడు. "నేనొచ్చి ఏం జేస్త బిడ్డ? బొమ్మలు చూడాల్నా?"

భాయ్ క్వార్టర్ కూడా మాలాగే సెంటినరీ కాలనీలోనే, మాకు రెండు లైన్ల అవతల. ఆయనకు సంగతి చెప్పాను. ఆదివారం భోజనాల తర్వాత బండేసుకుని తనే మా గుమ్మంలోకి వచ్చాడు.

"సర్దార్ సాబ్, మాకు పంచాతి పడ్డది. మీరే జడ్జి," అన్నాడు గట్టిగా.

"ఏం జడ్జినయ్యా? నాకు గా మాటలు తెల్వయ్."

"మాటలు కాదు సాబ్. సప్పుడు. సప్పుడుకు అవార్డు ఇచ్చిండ్రు. సప్పుడు సంగతి మీకంటె ఎక్కువ ఎవలకెరుక?"

బాపు లోపలికి వెళ్లి అవ్వను తెల్లచొక్కా అడిగాడు.

భాయ్ ఇంట్లో ముందు గది సగం స్పీకర్లే. పట్టణంలో మూతపడిన ఒక థియేటర్‌ను కూల్చేటప్పుడు ఆయన అడిగి తెచ్చుకున్న రెండు పెట్టెలు, ఒక్కొక్కటి నడుమెత్తు ఉంటుంది. చెదలు తిన్న చోట కొత్త చెక్క వేసి, లోపలి తీగలన్నీ మార్చాడు. భాయ్ భార్య, మా అందరికీ భాభీ, వాటి మీద అల్లిక గుడ్డలు పరిచి ప్లాస్టిక్ పూలు పెట్టింది. క్యాంటీన్ అక్క అప్పటికే వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. వర్క్‌షాపు వాళ్లు మరో నలుగురు వచ్చారు. భాభీ బాపును చూడగానే కుర్చీ తెచ్చి, సరిగ్గా స్పీకరు పక్కనే వేసింది.

రేవు సినిమా బాపు తప్ప అందరం చూసిందే కాబట్టి ముందు షిప్పు పేలే సీను ఒక్కటి పెట్టాడు భాయ్. షెల్ఫులో గ్లాసులు గలగలమన్నాయి. పక్క క్వార్టరామె పరుగెత్తుకొచ్చి గుమ్మంలోంచి తొంగిచూసింది. బాపు మొహం వెలిగింది.

"లోపల బ్లాస్టింగు జేసినట్టే ఉన్నది," అన్నాడు.

"మరి! అవార్డు దీనికే గద సాబ్?"

"ఆగయ్యా. రెండోది సుత చూడనియ్."

బాయి సినిమా మొదలైంది. నెమ్మదిగా నడుస్తుంది. మొగుడూ పెళ్లాలు తాడు, గంప, గడ్డపార సైకిలు మీద కట్టుకుని ఒక ఊరికి వస్తారు. రైతు చేను చూపిస్తాడు. మాటలు తక్కువ, ఉన్నవీ మెల్లగా. బాపు ప్రతిసారీ నా వైపు వంగి "ఏమన్నది?" అని అడిగేవాడు. నేను చెవి దగ్గర చెప్పేదాన్ని. కొంతసేపటికి అడగడం మానేశాడు. గోడ గడియారం వైపు చూశాడు. ఎందుకు తీసుకొచ్చానా అని నాకు బాధేసింది.

సగం అయ్యాక మొగుడి కాలికి దెబ్బ తగులుతుంది. పని ఆపితే ఒప్పందం పోతుంది కాబట్టి భార్య నడుముకు తాడు కట్టుకుని బావిలోకి దిగుతుంది. మొగుడు పైన నిలబడి తాడు పడతాడు.

"అయ్యో, మొగడు గద ఇరుక్కునేది?" అంది క్యాంటీన్ అక్క నా వైపు తిరిగి.

నేను తెర మీంచి చూపు తిప్పలేదు. భాయ్ ఒక్కసారి నా మొహం చూశాడు. ఆయనకు అర్థమైపోయింది.

"చుప్ అక్కా. సినిమా చూడు," అన్నాడంతే.

తెర మీద ఆమె అడుగున తవ్వుతోంది. చాలాసేపు ఒక్క మాట లేదు. గడ్డపార పడుతున్న దెబ్బ, ఆమె ఊపిరి, తాడు రాపిడి. గదిలో ఎవరూ కదలడం లేదు. బాపు ఎప్పుడు చెయ్యి చాచాడో నేను చూడలేదు. చూసేసరికి ఆయన అరచేయి స్పీకరు చెక్క మీద ఆనించి ఉంది. తల కొద్దిగా వంచి, కళ్లు సగం మూసుకుని ఉన్నాడు. గనిలో కప్పు కింద నిలబడితే అలాగే ఉండేవాడని తర్వాత ఎవరో చెప్పారు.

ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. "ఎల్లు! బయటికెల్లు బిడ్డ! కూలుతది!"

తెర మీద ఏమీ జరగలేదు. ఆమె ఇంకా తవ్వుతూనే ఉంది. మేమందరం బాపునే చూస్తున్నాం. రెండు మూడు క్షణాలు గడిచాక బావి పక్క గోడ జారి ఆమె మీద పడింది.

భాయ్ రిమోటు నొక్కి ఆపేశాడు. "సాబ్, మీరీ సినిమా చూసిండ్రా?"

"ఏం చూస్త? ఇప్పుడే గద చూస్తున్న."

"మరెట్ల తెలిసింది?"

"మూలిగింది గద," అన్నాడు బాపు, అది కూడా చెప్పాలా అన్నట్టు. "కూలే ముంగట భూమి మూలుగుతది. కింది నుంచి వస్తది. చెవికంటె ముందు చేతికి తెలుస్తది. మీకు ఇనవడలేదా?"

మాకెవరికీ వినపడలేదు. భాయ్ వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. ఈసారి నేనూ అవతలి స్పీకరు మీద చెయ్యి పెట్టాను. నిజమే, గడ్డపార దెబ్బల కింద ఎక్కడో ఒక సన్నటి అదురు, లోపలి నుంచి పైకి పాకుతున్నట్టు. చేతికి తెలిశాక చెవికీ తెలిసింది. భాభీ వచ్చి తన చెయ్యి పెట్టింది. అక్క పెట్టింది. భాయ్ అందరికంటే ఆఖర్న పెట్టి చాలాసేపు తీయలేదు.

"క్యా బాత్ హై," అన్నాడు మెల్లగా. ఎవరితోనూ కాదు.

అప్పుడు బాపు ఇంకో మాట అన్నాడు. "గోడ పడే ముంగట సన్నగ మట్టి రాలుతది. ముందు మట్టి రాలుడు, అటెనుక మూలుగుడు. గా మట్టి సప్పుడు పెట్టలేదు వీళ్లు. అది తప్పు."

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మట్టి రాలుతున్న చప్పుడు సినిమాలో స్పష్టంగా ఉంది. మూలుగు కంటే ముందే మొదలవుతుంది. గదిలో అందరం విన్నది అదే.

నేనే చెప్పాల్సి వచ్చింది. "పెట్టిండ్రు బాపు. చాట్ల జొన్నలు పోసినట్టు ఇనవడతంది."

"ఇనవడ్డదా? నీకు?"

"అందరికీ ఇనవడ్డది."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని చూసుకున్నాడు. కోపం లేదు, సిగ్గు లేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా ఉన్నాడు.

"నాకు ఇనవడలే," అన్నాడు. నాలుగేళ్లలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

భాభీ వంటింట్లోకి వెళ్లి చాయ్ తెచ్చింది. ముందు బాపు చేతికే ఇచ్చింది. సినిమా మిగతా సగం చూశాం. ఆ ఊరివాళ్లంతా కలిసి ఆమెను తవ్వి తీస్తారు. ప్రాణంతో బయటపడుతుంది. క్యాంటీన్ అక్క కొంగు తడిసిపోయింది. "దీనికే ఇయ్యాలె," అంది ముక్కు తుడుచుకుంటూ. "అన్నీ దీనికే ఇయ్యాలె."

బయటికి వస్తుంటే నేను గుమ్మం దగ్గర ఆగి భాయ్‌తో అన్నాను. "భాయ్, నేను గా సినిమా చూడకుంటనే చెప్పిన. అబద్ధమాడిన."

ఆయన చెప్పులు సర్దుతూ నవ్వాడు. "ఫికర్ చెయ్యకు చెల్లె. మా హీరో మొదటి హిట్టు పద్దెనిమిది సార్లు చూసిన అని ముప్పయ్యేండ్ల సంది చెప్తున్న గద. మూడుసార్లే చూసిన. ఎవలకు చెప్పకు."

"మరి సౌండు అవార్డు?"

"సౌండు వాళ్లకే ఇచ్చిన, పో. ఉత్తమ నటుడు మాత్రం మాదే. గది మాత్రం నేను ఇడిచిపెట్ట."

మర్నాడు నేను డ్యూటీకి బయల్దేరుతుంటే బాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "దవాఖానకు ఎప్పుడు తోల్కపోతవ్?" అని అడిగాడు. అవ్వ వంటింట్లోంచి బయటికి వచ్చి మరీ చూసింది.

దవాఖానలో ఒక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. చప్పుడు వినపడ్డప్పుడల్లా చేతిలో బటను నొక్కాలి. నేను బయట కూర్చున్నాను. పరీక్ష చేసే అమ్మాయి ఒక్కో చప్పుడు పంపినప్పుడల్లా ఆమె ముందున్న మిషను మీద చిన్న లైటు వెలిగేది. మొదట్లో లైటు వెలగగానే బాపు బొటనవేలు కదిలింది. లావుగా, కింది స్థాయిలో మోగే చప్పుళ్లన్నీ పట్టుకున్నాడు. తర్వాత లైటు వెలుగుతూనే ఉంది, వేలు కదల్లేదు. ఆయన మాత్రం అద్దం లోపల చాలా శ్రద్ధగా, వస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. నేను మొహం పక్కకు తిప్పుకోవాల్సి వచ్చింది.

"సన్న సప్పుళ్లు పోయినయ్. లావువి మంచిగనే ఉన్నయ్. మిషిన్ పెట్టుకుంటె చాలవరకు వస్తయ్," అంది ఆ అమ్మాయి. బాపుకు ఆ మాట నచ్చింది. చాలా మందికి చెప్పుకున్నాడు, లావు చప్పుళ్లు బాగున్నాయట అని.

చెవి మిషిన్ వచ్చాక మొదటి వారం మా ఇంట్లో యుద్ధమే. గిన్నె కింద పెడితే ఉలిక్కిపడేవాడు. కుక్కరు కూతకు బయటికి పోయేవాడు. రోజుకు నాలుగుసార్లు తీసి డబ్బాలో పెట్టేవాడు. అవ్వ నాలుగుసార్లు తెచ్చి చేతిలో పెట్టేది. ఒకరోజు అన్నం వడ్డిస్తున్న ఆమె చేతి వైపు చాలాసేపు చూశాడు.

"గీ గాజులు కొత్తయా?"

"పదేండ్లయితంది ఏస్కోవట్టి," అంది అవ్వ.

ఆ రోజు నుంచి మిషిన్ తీయడం తగ్గించాడు.

అలవాటు పడ్డాక ఆయనే భాయ్ ఇంటికి బయల్దేరాడు, బాయి సినిమా ఇంకోసారి చూడాలని. నేనూ వెంట వెళ్లాను. ఈసారి స్పీకరు మీద చెయ్యి పెట్టలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ సీను వచ్చింది. మట్టి రాలడం మొదలైంది. బాపు కనుబొమలు పైకి లేచాయి. ఆనందపడతాడని నేను చూస్తున్నాను.

"తప్పు," అన్నాడు.

"ఏంది సాబ్?" భాయ్ ముందుకు జరిగాడు.

"అంత లోతుల మట్టి తడిగుంటది. ముద్దలు ముద్దలుగ పడ్తది. ఇది పొడి మట్టి. ఎక్కడ్నో పైన పోసి రికార్డు చేసిండ్రు. మూలుగుడు మాత్రం అసలుదే."

"అంటె అవార్డు తప్పే గద!" భాయ్ గట్టిగా చప్పట్లు కొట్టాడు. భాభీ వంటింట్లోంచి ఏమైందని అడిగింది. "మా హీరో గెలిచిండు!" అని కేకేశాడు.

ఆ సినిమాకు శబ్దం చేసింది ఒక అమ్మాయి. ఆమె పేజీ ఫోనులో వెతికి పట్టుకున్నది భాయే. బాపు చేత మాట్లాడించి, ఆ మాటలు రికార్డు చేసి పంపించాడు. తానెవరో, ఎన్నేళ్లు బాయిలో పనిచేశాడో, మూలుగు ఎంత బాగుందో, మట్టి ఎందుకు తప్పో, అన్నీ బాపు తీరిగ్గా చెప్పాడు. జవాబు వస్తుందని మేమెవరం అనుకోలేదు.

పది రోజులకు వచ్చింది. ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. మట్టి నిజంగానే పొడిదట, మేడ మీద ఒక రేకు పళ్లెంలో పోసి రికార్డు చేసిందట. మూలుగు కోసం మాత్రం ఒక పాత బావిలో దిగి రెండు రోజులు కూర్చుందట. ఫోనుల్లో, టీవీల్లో అది ఎవరికీ వినపడదు, తీసేద్దాం అని చాలామంది చెప్పారట. ఉండనీయమని తాను పట్టుబట్టిందట. "మీకు వినపడింది కదా సార్, నాకు అది చాలు," అంది. ఆఖర్న, "మట్టి సంగతి ఇంకెవరికీ చెప్పకండి," అని నవ్వింది. బాపు ఆ జవాబును మూడుసార్లు వేయించుకుని విన్నాడు. మూడోసారి నేను మాటలు అందించాల్సిన పని లేకుండా, తన చెవి మిషినుతోనే.

ఇప్పుడు ఆమె అప్పుడప్పుడు చిన్న చిన్న చప్పుళ్లు పంపిస్తుంటుంది. ఒకసారి రేకుల కప్పు మీద వాన, ఒకసారి ఖాళీ గోదాములో అడుగులు. ఇది ఏ చోటు అనిపిస్తుంది అని అడుగుతుంది. బాపు భాయ్ ఇంటికి పోయి పెద్ద స్పీకర్ల మీద విని తన అభిప్రాయం పంపుతాడు. మెచ్చుకున్నవి తక్కువ. ఆమె ఇంకా అడుగుతూనే ఉంది.

క్యాంటీన్‌లో మేం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. చూడని సినిమా గురించి నోరెత్తకూడదు. పెట్టినప్పుడు రెండు రోజులు కూడా నిలవదనుకున్నాం. నిలిచింది. దానివల్ల వాదనలు తగ్గుతాయనుకున్నాం గానీ ఇంకా పెరిగాయి. అందరూ చూసి వస్తున్నారు మరి. మందమర్రిలో పనిచేసే భాయ్ తమ్ముడు కూడా ఆదివారం బస్సెక్కి వస్తున్నాడు. భాభీ ఇప్పుడు తీర్పులు చెబుతోంది. ఏ నటి అయినా తెర మీద రొట్టె చేస్తే ఆమె కళ్లు ఆ వేళ్ల మీదే ఉంటాయి. "ఈమె ఎన్నడు పిండి పిసకలే. ఉత్తమ నటి ఎట్ల ఇస్తరు?" అంటుంది. ఆ కారణంగా ఇద్దరు ముగ్గురు పెద్ద నటీమణులు మా దగ్గర ఓడిపోయారు.

ఈ ఏడాది పోటీ జాబితా పోయిన వారం వచ్చింది. భాయ్ హీరో సినిమా అందులో లేదు. ఆయన ఒక్క పూట ముభావంగా ఉండి, ఆ తర్వాత ఒక కొత్త కుర్రనటుడి పక్షాన వాదించడం మొదలుపెట్టాడు. జాబితాలోవి దాదాపు అన్నీ అప్పటికే కలిసి చూసేశాం. రెండే మిగిలాయి. ఒకటి యుద్ధం సినిమా, ఒకటి నాటకాల కంపెనీ మీద తీసిన పాటల సినిమా. ఈ ఆదివారం ఏది వేయాలన్నది నిన్న భాయ్ బాపునే అడిగాడు.

"పాటలది ఎయ్యి," అన్నాడు బాపు. "యుద్ధం ఎప్పుడైనా ఇనవడతది. ఒక్కొక్క పాటల ఎన్ని వాయిద్యాలు ఉన్నయో చూద్దాం."

"గెలుస్తదా సాబ్ గది?"

"చూడకుంట ఎట్ల చెప్పాలె?"

భాయ్ నా వైపు తిరిగి కన్ను గీటాడు. నేను ఆ పాటల సినిమా చూసేశాను, ఈసారి నిజంగానే. నా ఓటు దానికి కాదు. ఆ సంగతి ఆదివారం చెబుతాను.